చిన్న విమానం సొంతానికి: ఏటా 50 గంటలే ఎగిరితే ఇంజిన్, నిర్వహణ, బీమా లెక్కలు ఎలా?

1. గగనసఖుడు

ఇద్దరం కలిసి పాత నాలుగు సీట్ల విమానం కొనే ప్రయత్నంలో ఉన్నాం. సెస్నా 172, లైకమింగ్ ఓ-320 ఇంజిన్, 160 హార్స్‌పవర్. చక్రాలు మడవని రకం, ప్రొపెల్లర్ పిచ్ (బ్లేడు వాలు) మారని రకం. ఓవర్‌హాల్ (ఇంజిన్‌ని పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి మళ్ళీ బిగించడం) అయి 9 ఏళ్ళయింది, ఆ తర్వాత 540 గంటలు తిరిగింది. టీబీఓ (ఒక ఓవర్‌హాల్‌కీ తర్వాతిదానికీ మధ్య గడువు) 2000 గంటలు కాబట్టి ఇంకా 1460 గంటల ఆయుష్షు ఉందని అమ్మేవారి మాట. మేము ఏడాదికి 50 గంటలకు మించి ఎగరలేం.

ఆ 1460 గంటల లెక్కలో నిజమెంత? కొనే ముందు ఏమేం విప్పించి చూడాలి? బీమా ఎంత విలువకు చేయాలి, పాలసీలో ఏ షరతులు పట్టి చదవాలి? ధరలు వద్దు, అవి చోటును బట్టి మారతాయి. పద్ధతి చెప్తే చాలు.

2. లాగ్‌పుస్తకం

గంటలొక్కటే చూస్తే సగం లెక్కే అవుతుంది. ఇంజిన్ తయారీదారు లైకమింగ్ ఇచ్చిన సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1009లో టీబీఓకి రెండు హద్దులున్నాయి. ఒకటి గంటలు, రెండోది 12 ఏళ్ళు. ఏది ముందొస్తే అదే లెక్క. మీరు చూస్తున్న ఇంజిన్‌కి 9 ఏళ్ళు పోయాయి, 3 మిగిలాయి. మీ వాడకంతో 3 ఏళ్ళంటే 150 గంటలు. అమ్మేవారు చెప్పే 1460కీ ఈ 150కీ మధ్య ఉన్న దూరమే మీ బేరం.

12 ఏళ్ళ హద్దు సొంత వాడకపు విమానానికి తప్పనిసరా, తయారీదారు సిఫార్సు మాత్రమేనా అన్నది విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశపు నిబంధనను బట్టి ఉంటుంది. సిఫార్సే అయిన చోట కూడా రేపు మీ దగ్గర కొనేవారు ఆ తేదీ చూసే ధర చెప్తారు.

ఓవర్‌హాల్ నిధి విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. ఖర్చును 2000తో భాగించి గంటకింత అని పక్కన పెట్టడం రోజూ ఎగిరే శిక్షణ సంస్థలకు సరిపోతుంది. ఏటా 50 గంటలంటే కొత్త ఇంజిన్ అయినా 12 ఏళ్ళలో తిరిగేది 600 గంటలే. అలా దాచుకుంటూ పోతే పన్నెండో ఏడు వచ్చేసరికి చేతిలో 30 శాతమే ఉంటుంది. గంటకింత కాదు, నెలకింత తీయండి: ఓవర్‌హాల్ ఖర్చును 144 నెలలతో భాగించండి. ఇప్పటికే 108 నెలలు పాత యజమాని దగ్గర గడిచాయి కాబట్టి ఓవర్‌హాల్ ఖర్చులో నాలుగింట మూడు వంతులు కొనే ధరలోంచే తగ్గాలి. ప్రొపెల్లర్‌దీ ఇదే కథ. మెకాలీ స్థిర పిచ్ ప్రొపెల్లర్‌కి 2000 గంటలు లేదా 72 నెలలు. చివరి ఓవర్‌హాల్ తేదీ లాగ్‌లో వెతకండి.

కాగితాల్లో ముందు చూడాల్సింది ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌ల (ఏడీల, అంటే భద్రత కోసం విమానయాన అధికారులు తప్పనిసరి చేసిన పనుల) పట్టిక. ప్రతి ఏడీకి ఎదురుగా ఏ పద్ధతిలో చేశారు, ఏ తేదీన, ఎన్ని గంటల దగ్గర, మళ్ళీ ఎప్పుడు చేయాలి అన్నవి నాలుగూ ఉండాలి. "ఏడీలన్నీ పూర్తయ్యాయి" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే అది పట్టిక కాదు. 172లో సీటు జారే పట్టాల మీద ఏడీ 2011-10-09 ఉంది, ఒకసారి చేసి వదిలేసేది కాదు, పదే పదే చేయాల్సింది. దాని చివరి నమోదు ఎక్కడుందో చూస్తే ఆ లాగ్ రాసినవారి శ్రద్ధ ఎంతో తెలిసిపోతుంది.

3. పానాపట్టు

లాగ్‌పుస్తకం గారి లెక్క సరైనదే. ఆ 12 ఏళ్ళ వెనక ఉన్న కారణం చెప్తాను.

లైకమింగ్‌లో కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) క్రాంక్‌షాఫ్ట్‌కి (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసుకి) పైన ఉంటుంది. ఇంజిన్ ఆగాక దాని మీది ఆయిల్ కిందికి జారిపోతుంది, వారాలు గడిచే కొద్దీ ఉక్కు ఆరిపోతుంది. కాంటినెంటల్ కంపెనీ ఇంజిన్లలో కామ్ కిందివైపు ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది కొంత తక్కువ. ఆరిన కామ్ లోబ్ (ఆ ఇరుసు మీది ఉబ్బు) మీద తేమ చేరి సన్నటి తుప్పు మచ్చ పడుతుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు లోబ్ కదలికను వాల్వ్ వైపు అందించే టాపెట్ ముఖం ఆ మచ్చ మీద రుద్దుకుంటుంది, గట్టిపరచిన పైపొర పొలుసులుగా లేస్తుంది. ఆ పొలుసులు ఆయిల్‌తో తిరుగుతాయి. లోబ్ అరిగేకొద్దీ వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, బలం తగ్గుతుంది. అయినా కంప్రెషన్ పరీక్షలో (సిలిండర్ గాలిని ఎంత నిలుపుతుందో చూసేది) అంకె బాగానే వస్తుంది, ఎందుకంటే అక్కడ వాల్వులు మూసి ఉన్నప్పుడే కొలుస్తారు. కాబట్టి "కంప్రెషన్లు అన్నీ 70 పైనే" అన్న మాట కామ్ గురించి ఏమీ చెప్పదు.

540 గంటలు 9 ఏళ్ళలో ఎలా పంచుకుందో చూడండి. ఏటా 60 చొప్పున సమంగా ఉంటే పర్వాలేదు. మొదటి 3 ఏళ్ళలో 450, తర్వాతి 6 ఏళ్ళలో 90 అయితే నేను కామ్‌ని కళ్ళతో చూడకుండా డబ్బు ఇవ్వొద్దంటాను.

4. గగనసఖుడు

లాగ్ చూశాను. చివరి 4 ఏళ్ళలో 70 గంటలే. కానీ వారానికోసారి నేల మీద 15 నిమిషాలు ఇంజిన్ నడిపారట, అందుకే లోపల ఆయిల్ ఆరలేదని అంటున్నారు. అది మంచిదేనా?

5. పానాపట్టు

మంచిది కాదండీ. అది నడపకుండా వదిలేయడం కన్నా చెడ్డది. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి క్రాంక్‌కేస్‌లోకి (క్రాంక్‌షాఫ్ట్ ఉండే పెట్టెలోకి) దిగుతుంది. 15 నిమిషాల నేల పరుగులో ఆయిల్ ఆ నీటిని ఆవిరి చేసేంత వేడెక్కదు. నీళ్ళు లోపలే ఉండిపోయి, మండగా మిగిలిన వాటితో కలిసి ఆమ్లమవుతాయి. నేల మీద కౌలింగ్‌లోకి (ఇంజిన్ మీది కప్పులోకి) గాలి చాలదు కాబట్టి సిలిండర్లు ఒకపక్క ఎక్కువ వేడెక్కుతాయి కూడా.

లైకమింగ్ సర్వీస్ లెటర్ 180 చెప్పేదేమిటంటే 30 రోజులు దాటకుండా ఒకసారైనా, ఆగకుండా గంటసేపు, ఆయిల్ ఉష్ణోగ్రత 165 నుంచి 200 ఫారెన్‌హీట్ మధ్య ఉండేలా ఎగరాలి. సుమారు 74 నుంచి 93 సెల్సియస్. సముద్రం దగ్గరైతే 30 రోజులు కూడా ఎక్కువే. ఎగరలేకపోతే ముట్టుకోకండి. ప్రొపెల్లర్‌ని చేత్తో నాలుగు చుట్లు తిప్పి పెట్టడం కూడా వద్దు, మిగిలి ఉన్న ఆయిల్ పొర కాస్తా తుడుచుకుపోతుంది.

అసలు అది ఏ ఓ-320? చివరి అక్షరాలు చెప్పండి.

6. గగనసఖుడు

ప్లేట్ మీద ఓ-320-హెచ్2ఏడీ అని ఉంది. విమానం 1978 నాటి 172ఎన్.

7. పానాపట్టు

అయితే మూడు సంగతులు.

ఒకటి, ఈ ఇంజిన్‌కి లైకమింగ్ ఎల్‌డబ్ల్యు-16702 అనే అరుగుదల నివారక ద్రవం తప్పనిసరి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ వేసినట్టు లాగ్‌లో ఉండాలి. లేదా అది కలిసే వచ్చే ఆయిల్ వాడి ఉండాలి: ఏరోషెల్ 15డబ్ల్యు-50, లేదా డబ్ల్యు100 ప్లస్. ఉత్త డబ్ల్యు100లో అది ఉండదు. "డబ్ల్యు100" అని మాత్రమే రాసి ఉంటే ఆ గంటలన్నీ కామ్‌కి రక్షణ లేకుండా గడిచినట్టే.

రెండు, మాగ్నెటోలు (ప్లగ్గులకు నిప్పు పుట్టించేవి) రెండూ ఒకే పెట్టెలో, ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. బయటికి రెండు జ్వలన వ్యవస్థలున్నట్టే ఉన్నా, ఆ ఇరుసు గానీ బిగింపు గానీ వదులైతే రెండూ కలిసే పోతాయి. 500 గంటలకోసారి విప్పి చూడడాన్ని వాయిదా వేయొద్దు.

మూడు, ఇది మీకు అనుకూలమైనది. మామూలు ఓ-320లో టాపెట్లు పుట్టగొడుగు ఆకారంలో లోపలి నుంచి అమరి ఉంటాయి. క్రాంక్‌కేస్ రెండుగా విప్పితే గానీ రావు, కామ్ చూడాలంటే సిలిండర్ ఊడదీయాలి. హెచ్2ఏడీలో అవి పీపా ఆకారం. కేస్ విప్పకుండానే బయటికొస్తాయి. కాబట్టి టాపెట్లు తీయించి ముఖాలు చూడండి. అద్దంలా నున్నగా ఉండాలి. సూది పొడిచినట్టు గుంటలు గానీ, అంచు దగ్గర పొర లేచినట్టు గానీ ఉంటే ఆ టాపెట్‌కి ఎదురున్న లోబ్ కూడా పోయినట్టే. రంధ్రంలోంచి బోరోస్కోప్ (సన్నటి గొట్టపు కెమెరా) పెట్టి లోబ్ ముక్కు కూడా చూడమనండి.

8. కొలబద్ద

కంప్రెషన్, బోరోస్కోప్ సంగతి నేను రాస్తాను.

పరీక్ష ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడే. సిలిండర్‌లోకి 80 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో గాలి పంపి లోపల ఎంత నిలిచిందో రెండో గేజ్ మీద చదువుతారు. 75/80 అంటే 5 కారింది. ఒక హెచ్చరిక: ఈ ఇంజిన్ బోర్ 5.125 అంగుళాలు, అంటే పిస్టన్ తల వైశాల్యం దాదాపు 20.6 చదరపు అంగుళాలు. 80 పీఎస్‌ఐ దగ్గర పిస్టన్ మీద 1650 పౌండ్ల నెట్టుడు, సుమారు 750 కిలోలు. పిస్టన్ పైచివర నుంచి కొంచెం జరిగినా ప్రొపెల్లర్ కొరడాలా తిరుగుతుంది. ఒకరు బ్లేడు పట్టుకుని నిలబడాలి, మరొకరే గాలి పంపే వాల్వ్ తిప్పాలి. ఒక్కరే చేయొద్దు.

అంకె కన్నా గాలి ఎటు పోతోందన్నది ముఖ్యం. పొగగొట్టం దగ్గర బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్. కార్బ్యురేటర్ వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ వినిపించేది రింగుల పక్కనుంచి వచ్చేది. రింగుల కారుడు తక్షణ ప్రమాదం కాదు. ఎగ్జాస్ట్ వాల్వ్ కారుడు అలా కాదు, వాల్వ్ కాలడం మొదలైతే ఆగదు.

ఆ తర్వాత పై ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్. ఆరోగ్యంగా ఉన్న ఎగ్జాస్ట్ వాల్వ్ ముఖం మధ్యలో ఇటుకరంగు, చుట్టూ గుండ్రంగా సమంగా లేత అంచు. కాలుతున్నదైతే ఆ గుండ్రం చెడి, ఒకపక్క అంచున చంద్రవంక ఆకారంలో ఆకుపచ్చో ఊదానో మెరుపు కనిపిస్తుంది. ఆ చంద్రవంక ఉంటే అంకె 74 వచ్చినా సిలిండర్ తీయాల్సిందే.

అది లేకుండా అంకె మాత్రమే తగ్గితే తొందరపడకండి. ఒకటి రెండు గంటలు ఎగిరొచ్చి మళ్ళీ కొలవండి. రింగుల సందులు ఒకే గీతలోకి వచ్చినా, వాల్వ్ సీటు మీద చిన్న సీసం ముక్క ఇరుక్కున్నా అంకె పడిపోతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకూడదు. సిలిండర్ ఊడదీసి బిగించేటప్పుడు త్రూ బోల్టుల (క్రాంక్‌కేస్ రెండు సగాల్నీ కలిపి పట్టేవాటి) టార్క్ (బిగింపు బలం) సరిగా పడకపోతే మెయిన్ బేరింగ్ తన చోటు నుంచి కదిలే ప్రమాదం ఉంది, అది సిలిండర్ కారుడు కన్నా పెద్ద ఆపద.

9. ఈశాన్యపవనం

ఆయిల్ మార్పు యజమాని తన చేత్తో చేసుకోవచ్చంటారు. వరుసగా ఎవరైనా రాస్తారా? ముఖ్యంగా ఫిల్టర్ కోసి చూడడం.

10. పానాపట్టు

ముందుగా, యజమాని పైలట్ చేయదగ్గ పనుల జాబితా మీ దేశపు నిబంధనల్లో రాసే ఉంటుంది. ఆయిల్ మార్పు అందులో ఉందని తేల్చుకున్నాకే పానా పట్టండి.

ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కి 50 గంటలు లేదా 4 నెలలు, ఏది ముందైతే అది. ఫిల్టర్ లేకుండా జల్లెడ మాత్రమే ఉంటే 25 గంటలు. ఏటా 50 గంటల వాడకానికి 4 నెలలే ముందొస్తాయి, అంటే ఏటా మూడుసార్లు.

ఎగిరొచ్చిన వెంటనే, ఆయిల్ వేడిగా ఉండగానే దింపాలి. మురికి తేలుతూ ఉన్నప్పుడే బయటికొస్తుంది. ల్యాబ్ పరీక్షకు నమూనా పట్టేటప్పుడు మొదటి ధార వదిలేయండి, చివరిదీ వద్దు, మధ్యలోది శుభ్రమైన సీసాలోకి. ఆయిల్ దిగుతుండగా సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వెనక ఉన్న సక్షన్ జల్లెడ తీసి చూడండి. చాలామంది దీన్ని మర్చిపోతారు, పెద్ద ముక్కలు ఆగేది ఇక్కడే.

ఫిల్టర్‌ని రంపంతో కోయకూడదు. రంపపు పొడి లోపల పడితే మీరు చూసేది ఇంజిన్ లోహమో రంపపు లోహమో తేలదు. డబ్బా మూత కోసినట్టు చక్రంతో కోసే ఫిల్టర్ కట్టర్ ఉంటుంది, దాంతో తెరవండి. లోపలి కాగితపు మడతల్ని రెండు చివర్లా కత్తితో కోసి, బట్టలో చుట్టి వైస్‌లో పిండి, ఎండలో పరిచి మెల్లగా ఆ కోణం ఈ కోణం తిప్పండి. నల్లటి రవ్వలు వేళ్ళ మధ్య నలిగిపోతే అది కార్బన్, భయం లేదు. వెంట్రుకలా సన్నగా మెరిసేవాటికి అయస్కాంతం చూపండి. అంటుకుంటే ఇనుము: కామ్, టాపెట్, రింగు, సిలిండర్ గోడ. అంటుకోకుండా తెల్లగా మెరిస్తే అల్యూమినియం: పిస్టన్ గానీ, పిస్టన్ పిన్ చివర ఉండే ప్లగ్ గానీ. రాగిరంగైతే బుషింగులు. మడత మడతకూ కనిపిస్తుంటే ఇక ఎగరొద్దు, మెకానిక్‌ని పిలవండి.

కొత్త ఫిల్టర్ రబ్బరుకి డీసీ-4 గ్రీజు పల్చగా రాయాలి. ఛాంపియన్ ఫిల్టర్‌కి టార్క్ 16 నుంచి 18 ఫుట్-పౌండ్లు. తర్వాత 0.032 అంగుళాల సేఫ్టీ వైరు, అంగుళానికి 6 నుంచి 8 మెలికలు, బిగింపు దిశకే లాగేలా. స్టార్ట్ చేశాక 30 సెకన్లలో ఆయిల్ ఒత్తిడి రాకపోతే ఆపేయండి. ఒక నిమిషం నడిపి, ఆపి, ఫిల్టర్ అడుగున టార్చి వేసి తడి ఉందేమో చూడండి. గంటల మీటర్ అంకె, ఆయిల్ పేరు, ఎంత పోశారు, కోసిన ఫిల్టర్‌లో ఏం కనిపించింది, ఇవన్నీ రాసి సంతకం పెట్టండి.

డిప్‌స్టిక్ మీద పూర్తి గుర్తు దాకా పోయనక్కర్లేదు. పైనున్న ఆ చివరి క్వార్ట్ (దాదాపు ఒక లీటరు) బ్రీదర్ గొట్టం (క్రాంక్‌కేస్ ఆవిరి బయటికి పోయే దారి) గుండా పొట్టకింద మరకగా పోతుంది. లైకమింగ్ సూత్రం ప్రకారం 160 హార్స్‌పవర్ ఇంజిన్ తినగల గరిష్ఠ ఆయిల్ గంటకు దాదాపు అర క్వార్ట్. ఆ హద్దు దాకా ఆగకండి. 10 గంటలకు ఒక క్వార్ట్ తాగే ఇంజిన్ ఉన్నట్టుండి 5 గంటలకే తాగితే ఆ మార్పే సంకేతం.

11. కొలబద్ద

ల్యాబ్ రిపోర్టు గురించి ఒక మాట. ఒక్క రిపోర్టుతో ఏమీ తేలదు, మూడు నాలుగు వరసగా ఉంటేనే ధోరణి తెలుస్తుంది. సిలికాన్ పెరిగితే గాలి ఫిల్టర్ పక్కనుంచి దుమ్ము లోపలికి పోతోందని అర్థం, దాంతోపాటు ఇనుము, క్రోమియం కూడా పెరిగితే ఆ దుమ్ము అప్పుడే రింగుల్నీ సిలిండర్లనీ అరగదీస్తోంది. సీసం ఎక్కువుంటే కంగారు పడొద్దు, 100ఎల్ఎల్ విమాన పెట్రోలులోనే అది ఉంది.

ఆ సీసమే ప్లగ్గుల్నీ పట్టుకుంటుంది. కింది ప్లగ్గుల్లో చిన్న పూసల్లా చేరుతుంది. 50 గంటలకోసారి తీసి, పూసలు తవ్వి, పైవి కిందికి, కిందివి పైకి మార్చి బిగించండి. గ్యాప్ 0.016 నుంచి 0.021 అంగుళాలు. కొత్త రాగి వాషర్, చివరి రెండు మరలు వదిలి మిగతా వాటికి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే ముద్ద), టార్క్ 35 ఫుట్-పౌండ్లు. నిరోధం 5000 ఓమ్‌లు దాటిన ప్లగ్, చేజారి నేల మీద పడ్డ ప్లగ్, రెండూ చెత్తబుట్టలోకే. పింగాణీలో కంటికి కనపడని చీలిక ఉంటే ఎత్తులో నిప్పు తప్పుతుంది.

12. తోకచక్రం

అందరూ ఇంజిన్ మీదే పడ్డారు, ఒంటి సంగతి కూడా చూడాలి.

సీటు పట్టాలు ముందు చెప్పారు. ఎందుకంటే టేకాఫ్‌లో ముక్కు లేచే సమయానికి సీటుని పట్టి ఉంచే పిన్ను జారితే సీటు పట్టాల మీద వెనక్కి పోతుంది, పైలట్ పడిపోకుండా చేతిలో ఉన్న యోక్‌నే (విమానం నడిపే చక్రాన్నే) పట్టుకుంటారు, ముక్కు ఇంకా లేస్తుంది. పట్టా రంధ్రాలు కోలగా సాగాయా, చుట్టూ పగుళ్ళున్నాయా చూసి, కూర్చున్న ప్రతిసారీ సీటుని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపి చూడాలి.

మఫ్లర్ చుట్టూ ఉన్న రేకు డబ్బాలోంచే క్యాబిన్‌కి వేడి గాలి వస్తుంది. మఫ్లర్ పగిలితే అదే దారిన కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే విషవాయువు వస్తుంది. తనిఖీలో ఆ డబ్బా విప్పించి, మఫ్లర్‌కి గాలి పెట్టి సబ్బునీళ్ళు రాయించండి. జాయింట్ల దగ్గర తెల్లటి బూడిదరంగు చారలు కారుడికి గుర్తు. ఎలక్ట్రానిక్ సీఓ మీటరు క్యాబిన్‌లో ఉంచండి. రంగు మారే చుక్క బిళ్ళ నమ్మదగింది కాదు, దాన్ని ఎవరైనా చూస్తేనే గదా.

కందిరీగల విషయం. పిటో గొట్టంలో (గాలివేగం కొలిచేది) ఒక్క మధ్యాహ్నంలో మట్టిగూడు కట్టేస్తాయి. పెట్రోలు ట్యాంకు గాలిగొట్టంలో కడితే ఇంకా ప్రమాదం: ట్యాంకులో పెట్రోలున్నా బయటి గాలి లోపలికి రాక ఇంజిన్‌కి దిగదు. కవర్లు వేయండి, ఎర్ర రిబ్బను కట్టండి.

బ్రేకు లైనింగు 0.100 అంగుళాలకు తగ్గితే మార్చాలి. కంట్రోలు కేబుళ్ళ మీద, కప్పీల దగ్గర మెత్తటి గుడ్డ జరిపితే తెగిన పోగు గుడ్డను పట్టుకుంటుంది. వేలితో తడమొద్దు, కోసుకుంటుంది. ఇంజిన్ గదిలో రబ్బరు గొట్టాలైతే 5 ఏళ్ళకు మార్పు. ప్రమాదంలో సంకేతం పంపే ఈఎల్‌టీ 406 మెగాహెర్ట్జ్ రకమేనా చూసుకోండి. 121.5 మీద మాత్రమే పంపే పాతవాటిని ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడం మానేశాయి.

13. షరతులపత్రం

బీమా గురించి గగనసఖుడు గారు అడిగిన "ఎంత విలువకు" అన్న ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. విమానం బీమాలో సాధారణంగా అంగీకృత విలువ ఉంటుంది. మొత్తం పోతే ఆ అంకె ఇస్తారు, తరుగుదల లెక్క ఉండదు. దాన్ని తక్కువ రాసి ప్రీమియం మిగుల్చుకోవాలనుకుంటే ఏమవుతుందో చూడండి.

మార్కెట్ విలువ 100 అనుకుందాం. దెబ్బతిన్న విమానాన్ని ముక్కలుగా అమ్మితే 35 వస్తుంది. రిపేరు ఖర్చు 50. మీరు బీమా 60కే చేశారు. కంపెనీ మీకు 60 ఇచ్చి, విమానం తీసుకుని 35కి అమ్మితే దానికి పడేది 25. రిపేరు చేస్తే 50. కాబట్టి మొత్తం పోయిందని తేల్చేస్తుంది. మీ చేతిలో 60, అలాంటి విమానం కొనాలంటే 100. అదే 100కి చేసి ఉంటే మొత్తం నష్టంగా తేల్చడానికి దానికి 65 పడుతుంది, రిపేరు 50, కాబట్టి రిపేరే చేయిస్తుంది.

ఎక్కువ రాయడం కూడా తప్పే. 140కి చేశారు, నష్టం 90. మొత్తంగా తేల్చితే 105, కాబట్టి 90 పెట్టి రిపేరుకే పంపుతుంది. నెలల తరబడి విమానం ఉండదు, వచ్చాక కూడా లాగ్‌లో పెద్ద ప్రమాదపు చరిత్ర ఉండిపోతుంది. ఏటా రెన్యువల్‌కి ముందు విలువ సరిచూడండి. కొత్త రేడియోలు పెట్టినా, ఇంజిన్ ఓవర్‌హాల్ చేసినా ఆ నెలలోనే పెంచుకోండి.

రెండోది, నష్టపరిహార బాధ్యత. మొత్తం పరిమితి పెద్దగా కనిపిస్తుంది గానీ "ఒక్కో ప్రయాణికుడికి ఇంత" అని ఉప పరిమితి ఉంటే నిజంగా లెక్కలోకొచ్చేది ఆ చిన్న అంకే. చిన్న విమానంలో కూర్చునేది ఇంటివాళ్ళూ స్నేహితులే. ఉప పరిమితి లేని పాలసీ దొరికితే, కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

మూడోది పైలట్ షరతు. పేరు రాసిన పైలట్లు కాక, "ఇన్ని మొత్తం గంటలు, ఈ రకంలో ఇన్ని గంటలు ఉన్న ఎవరైనా" అని ఒక వాక్యం ఉంటుంది. దాని అర్థం అలాంటివారు నడిపితే మీ విమానానికి బీమా పోదు అని. ఆ పైలట్‌కి కూడా రక్షణ ఉందని కాదు. మీకు చెల్లించాక ఆ డబ్బు కోసం కంపెనీ ఆయన మీదికి వెళ్ళే హక్కు ఉంటుంది. స్నేహితుడికి తాళం ఇచ్చే ముందు ఆయన పేరు పాలసీలో చేర్పించండి.

మినహాయింపుల్లో అరుగుదల, తుప్పు, యంత్రం దానంతటది చెడడం ఉంటాయి. ఇంజిన్ గాలిలో ఆగి పొలంలో దిగితే రెక్కకీ చక్రాలకీ తగిలిన దెబ్బలు వస్తాయి, ఆగిన ఇంజిన్ ఖర్చు రాదు. పానాపట్టు గారు చెప్పిన కామ్ తుప్పు ఏ పాలసీలోనూ రాదు. ఏవీఎన్ 48బీ అనే క్లాజు ఉంటే యుద్ధం, హైజాక్ మాత్రమే కాదు, అల్లర్లు, దురుద్దేశంతో చేసిన నష్టం కూడా మినహాయింపే. ఎవరో రాత్రి వచ్చి టైర్లు కోసినా అందులోకే వస్తుంది. దాన్ని తిరిగి చేర్చే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనపు పత్రం) అడగండి.

వీటన్నిటికీ కింద ఒక పునాది షరతు: ఆ రోజు విమానం ఎయిర్‌వర్తీనెస్ కాగితాలు, పైలట్ లైసెన్సు, మెడికల్ చెల్లుబాటులో ఉండాలి. తనిఖీ గడువు ఒక్క రోజు దాటి ఎగిరినా క్లెయిమ్ మీద వివాదం మొదలవుతుంది. ప్రయాణికుల దగ్గర పెట్రోలు ఖర్చు పంచుకునేముందు కూడా అది "అద్దెకు తిప్పడం" కిందికి వస్తుందేమో కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

14. ఈశాన్యపవనం

ట్యాక్సీ చేస్తుంటే ప్రొపెల్లర్ చివర కోన్‌కి తగిలితే? ఇంజిన్ ఆగలేదు, బ్లేడు కొసన చిన్న వంపు మాత్రమే అనుకోండి.

15. పానాపట్టు

లైకమింగ్ నిర్వచనంలో అది ప్రొపెల్లర్ స్ట్రైకే. చిన్న గాటుని ఆకురాయితో నునుపు చేయడం మించి ప్రొపెల్లర్‌కి రిపేరు అవసరమైతే, ఇంజిన్ తిరుగుతున్నా ఆగి ఉన్నా అది స్ట్రైక్. నీళ్ళో ఎత్తు గడ్డో తగిలి ఆర్‌పీఎం ఉన్నట్టుండి పడిపోయినా అంతే. సర్వీస్ బులెటిన్ 533 చూడండి. క్రాంక్‌షాఫ్ట్ వెనక ఉండే గేరు బోల్టు, డోవెల్ పిన్ను తనిఖీకి ఏడీ 2004-10-14 కూడా ఉంది. ఆ పిన్ను తెగితే కామ్, మాగ్నెటోలు, ఆయిల్ పంపు ఒకేసారి ఆగిపోతాయి. వంపు ఎంత చిన్నదన్నది ఆ పిన్నుకి తెలియదు. ఎగిరించి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళకండి.

16. షరతులపత్రం

క్లెయిమ్ వైపు నుంచి: ఇంజిన్ విప్పి చూసే కూలి, ఆ దెబ్బకు పాడైన భాగాలు సాధారణంగా వస్తాయి. విప్పినప్పుడు బయటపడ్డ పాత అరుగుదల మీ ఖర్చు. విమానాన్ని సురక్షితంగా పక్కకు జరపడానికి అధికారుల అనుమతి కావాలేమో చూసుకుని, జరిపే ముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. అదే రోజు కంపెనీకి తెలపండి. సర్వేయర్ చూడకముందు ప్రొపెల్లర్ విప్పొద్దు.

గగనసఖుడు గారూ, మీరిద్దరు భాగస్వాములు కదా. ఇద్దరి పేర్లూ బీమాదారులుగానే ఉండాలి, ఒకరు యజమాని, మరొకరు పైలట్ అన్నట్టు కాదు. ఒప్పందంలో డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మన చేతి నుంచి పోయే భాగం) ఎవరు కట్టాలి, ఒకరు తప్పుకుంటే విలువ ఎలా కట్టాలి, ఎవరైనా పోతే వారసులకు ఎన్ని నెలల్లో చెల్లించాలి, విమానం ఎగరడానికి పనికిరాదని ఒక్కరు చెప్తే చాలా అన్నవి రాసుకోండి. చివరిదానికి జవాబు "చాలు" అనే ఉండాలి.

17. గగనసఖుడు

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. టాపెట్లు తీయించి చూడడానికి అమ్మేవారు ఒప్పుకున్నారు. చివరిగా ఒకటి: ఏటా 4 నెలలు వరసగా ఎగరలేని కాలం ఉంటుంది. అప్పుడేం చేయాలి?

18. పానాపట్టు

చివరిసారి ఎగిరే ముందు పాత ఆయిల్ దింపి నిల్వ ఉంచే ఆయిల్ పోయండి. బాగా వేడెక్కేదాకా ఎగిరి దిగండి. చల్లారాక పై ప్లగ్గులు తీసి సిలిండర్లలోకి అదే ఆయిల్ పిచికారీ చేసి, వాటి చోట తేమ పీల్చే డీహైడ్రేటర్ ప్లగ్గులు బిగించండి. లోపలి సిలికా జెల్ నీలంగా ఉండాలి, గులాబీరంగుకి తిరిగితే మార్చాలి. 15 రోజులకోసారి చూడండి. పొగగొట్టం, బ్రీదర్, గాలి ప్రవేశం మూసేయండి. బ్యాటరీ తీసి వేరేచోట ఛార్జ్‌లో ఉంచండి. ట్యాంకులు నిండుగా నింపండి, ఖాళీ ఎంత తక్కువుంటే తేమ అంత తక్కువ చేరుతుంది. ప్రొపెల్లర్‌కి "తిప్పొద్దు" అని పెద్ద అక్షరాల చీటీ కట్టండి.

19. షరతులపత్రం

ఆ 4 నెలలకు నేల మీది రిస్క్ మాత్రమే ఉండేలా పాలసీ మార్చి ప్రీమియం కొంత తిరిగిచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. ముందే రాతపూర్వకంగా పెట్టాలి. మళ్ళీ ఎగిరే ముందు పూర్తి కవర్ మొదలైనట్టు మెయిల్ చేతికి వచ్చాకే హ్యాంగర్ తలుపు తీయండి.

20. తోకచక్రం

మూసిన ప్రతి రంధ్రానికీ ఎర్ర రిబ్బను కట్టి, మొత్తం ఎన్నో లెక్కపెట్టి ఆ అంకెని లాగ్‌లోనూ "తిప్పొద్దు" చీటీ మీదా రాయండి. తీసేటప్పుడు రిబ్బన్లన్నీ నేల మీద వరసగా పేర్చి లెక్కపెట్టండి. ఒకటి తక్కువొస్తే అది దొరికేదాకా స్టార్టర్ ముట్టుకోవద్దు.